వర్జ్యం లేని రోజు

పదిహేనేళ్ళ బరువు ఇది. అన్నం తింటున్నా, బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెబుతున్నా, రేవులో పడవెక్కినా గుండెల మీంచి దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళని నేను నమ్మను. ఎవరైనా పలకరిస్తే ఎందుకు పలకరించారా అని, పలకరించకపోతే ఏం తెలిసిపోయిందా అని, రెండు విధాలా అనుమానించే మనిషిని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. ఆ ఒకణ్ణీ నేనే అనుకోండి.

పేరు చెప్పను. మాది రాజోలు దగ్గర ఒక ఊరు. కొంత కొబ్బరితోట, కొంత వరిచేను. అన్నయ్యది సేద్యం, నాది బోర్డు స్కూల్లో మాస్టరు ఉద్యోగం. అమ్మతో సహా అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్నగారు పోతూ పోతూ నాకిచ్చిన విద్య ఒకటుంది, పంచాంగం చూడటం. ఇంట్లో మరెవరికీ అది రాదు. ప్రయాణం కట్టాలన్నా, విత్తనం చల్లాలన్నా, కొత్త ఆవుని కొట్టంలో కట్టాలన్నా "తమ్ముణ్ణి అడగండి" అనేవాడు అన్నయ్య. ఆయన చదువుకోలేదు. నేను చెప్పిందే ఆయనకి వేదం.

ముందు నా కొడుకు సంగతి చెప్పాలి. ఎందుకు చెబుతున్నాను, సాకు కోసమా? కావచ్చు. మీరే చూసుకోండి. మా ఆవిడకి తొలికాన్పు. నర్సుని పిలుద్దామన్నాను. "మనందరికీ పురుడు పోసింది మంత్రసానే కదరా, నర్సెందుకు?" అని నవ్వేశాడు అన్నయ్య. పెద్దవాడు. ఎదురు చెప్పలేదు. బిడ్డ అడ్డం తిరిగాడు. మగపిల్లాడు, ఊపిరి లేకుండా పుట్టాడు. అన్నయ్యే వాణ్ణి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి నా మొహంలోకి చూడలేకపోయాడు. నేనూ ఆయన మొహం చూడలేదు. ఆ తర్వాత ఇద్దరం ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తూనే ఉన్నాం, పొలం సంగతులు మాట్లాడుకుంటూనే ఉన్నాం, కానీ ఆయన నవ్విన ఆ నవ్వు మాత్రం నా చెవుల్లో అలాగే ఉండిపోయింది.

మరుసటేడు వదినకి నొప్పులు మొదలయ్యాయి. యుద్ధం రోజులు. పొద్దున్నే, ఇంకా చద్దన్నాలు కూడా తినలేదు. అన్నయ్య తోటలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఒరే, నువ్వు సైకిలేసుకుని రేవు దాటి అమలాపురం వెళ్ళి నర్సమ్మని వెంటబెట్టుకొచ్చెయ్యరా. మీ వాడు పోయేక నాకు భయం పట్టుకుంది."

ఆ రెండో మాట నా చెవికెక్కలేదు. ఎక్కి ఉంటే ఈ రాతే ఉండేది కాదు. నా బిడ్డ పోయిన దుఃఖమే ఆయన్ని మార్చిందని, ఆ భయం నా బిడ్డ పెట్టిన భయమేనని నాకు తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే. నా పెళ్ళానికి అక్కర్లేని నర్సు ఈయన పెళ్ళానికి కావలసి వచ్చిందా?

మేకుకి వేలాడుతున్న పంచాంగం అందుకున్నాను. ఆ రోజు వర్జ్యం రాత్రికి ఉంది. పగలంతా శుభ్రంగా ఉంది. ఈ కళ్ళతోనే చూశాను. చూసి, తల పైకెత్తకుండా, "ఇప్పుడే వర్జ్యం పట్టింది అన్నయ్యా. నాలుగు ఘడియలు ఆగి బయల్దేరతాను" అన్నాను.

"వర్జ్యంలో గుమ్మం దాటకురోయ్" అంది అమ్మ వంటింట్లోంచి. అన్నయ్య అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. లోపల వదిన అరుపులు. నేను పంచాంగం తిరగేస్తూ కూర్చున్నాను, ఏదో లెక్క కడుతున్నట్టు.

నాలుగు ఘడియలంటే గంటన్నర. అంతే కదా అనుకున్నాను. ఆ గంటన్నరా నేను పడ్డది ఆయన కూడా పడాలి, అదే నా కోరిక. బిడ్డకి కీడు కోరలేదు. కోరలేదా? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను నన్ను నేను. ఒక్కో రోజు కోరలేదని గట్టిగా చెప్పగలను, ఒక్కో రోజు ఆ అరుగు మీద కూర్చున్న మనిషి నాకే తెలియనివాడిలా కనిపిస్తాడు. ఆ మనిషి ఏం కోరాడో నాకెలా తెలుస్తుంది?

గంటన్నర గంటన్నరగా ఉండలేదు. రేవుకి వెళ్ళేసరికి పడవ అవతలి గట్టున ఉంది. కొబ్బరికాయలు ఎక్కిస్తున్నారు, వాళ్ళకేం తొందర? ఎదురుగాలి. అమలాపురం చేరేసరికి నర్సమ్మ ఇంకో పురిటికి వెళ్ళింది. నేను పొద్దున్నే బయల్దేరి ఉంటే ఇంట్లోనే దొరికేదట. వాళ్ళ ఇంటివాళ్ళని దారి అడిగి ఆ పురిటింటికి వెళ్ళి కాచుకున్నాను. ఆవిణ్ణి తీసుకుని ఇంటికి వచ్చేసరికి దీపాల వేళ. వచ్చిన కాసేపటికి పిల్ల పుట్టింది. నీలంగా ఉంది. ఏడవలేదు. నర్సమ్మ కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. చాలాసేపటికి ఒక మూలుగు.

"కాస్త ముందు రావాల్సిందండీ" అంది నర్సమ్మ చేతులు కడుక్కుంటూ.

"వర్జ్యం అడ్డొచ్చిందండీ" అన్నాడు అన్నయ్య.

నర్సమ్మ నా వైపు చూసింది. ఎందుకు చూసింది? పంచాంగం చూసింది నేనని ఎవరూ చెప్పలేదే. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం బతికింది. అమలాపురం సంతలో ఆవిడ ఎదురొస్తే తేలు కుట్టిన దొంగలా పక్కసందులోకి తప్పుకునేవాణ్ణి.

మా ఆవిడ ఒక్క మాట అడగలేదు. కానీ ఆ రోజు నుంచి ఏ ముహూర్తానికైనా పురోహితుడిగారింటికి వెళ్ళి కనుక్కొస్తుంది. "ఇంట్లో మరిదిగారుండగా మళ్ళీ ఆయన దగ్గరికెందుకండీ?" అని వదిన అడిగితే, "ఈయనకి తీరిక ఉండదక్కా" అంటుంది. ఆవిడకి తెలుసా? తెలిసి ఇద్దరు కొడుకుల్ని నాకు కని, తెలిసి నా పక్కన పడుకుంటోందా? అడిగే ధైర్యం నాకు లేదు.

పిల్లకి రత్నం అని పేరు పెట్టారు. ఏడాది దాటినా కూర్చోలేదు. కాళ్ళు ఒకదాని మీద ఒకటి కత్తెరలా పడేవి. పిడికిళ్ళు విడేవి కావు. పాలు పట్టడానికి పూట పట్టేది. మాట వచ్చింది గానీ, ముద్దముద్దగా, బలవంతంగా లాగినట్టు. తెలివికి లోటు లేదు. నేను అరుగు మీద మా పిల్లలకి పద్యాలు చెప్పిస్తుంటే మంచంలోంచి వాళ్ళకంటే ముందు అందుకునేది. అర్థమయ్యేది వదినకీ నాకూ మాత్రమే.

ఊళ్ళోవాళ్ళు వాతమన్నారు, గాలి సోకిందన్నారు. అమ్మ మాత్రం తేల్చేసింది. గ్రహణం నాడు వదిన కత్తిపీట పట్టిందట, కడుపుతో ఉన్నది ఆ మాత్రం తెలియదా అని. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. వదిన నమ్మేసింది. "నా చేతులారా చేసుకున్నానండీ" అని చెంగుతో కళ్ళొత్తుకునేది. నేను అక్కడే కూర్చుని వినేవాణ్ణి. కాదని ఒక్కసారి అన్నానా? అమ్మ పోయేదాకా అనలేదు. పోయాకా అనలేదు.

నిజం చెప్పాలంటే, నేను చేసిన ఆలస్యం వల్లే పిల్ల ఇలా అయిందని ఎవరూ తేల్చలేరు. నర్సమ్మ పొద్దున్నే వచ్చినా ఇలాగే పుట్టేదేమో. ఈ ఆలోచన పట్టుకుని ఎన్నో ఏళ్ళు వేలాడాను. నాకు ఇంత అనుకూలంగా ఉన్న మాటని నేనే నమ్మలేకపోయాను, అదీ ఖర్మ.

చేయగలిగింది చేశాను. నడక రాని పిల్లల్ని మొలలోతు గోతిలో నిలబెట్టి ఇసక కూరడం మా వైపు అలవాటే. పెరట్లో గొయ్యి తవ్వింది నేను, ఏటి ఇసక మోసింది నేను. ఎండ ఎక్కకముందు రత్నాన్ని అందులో నిలబెట్టి ఎదురుగా కూర్చుని కథలు చెప్పేవాణ్ణి. "కన్నతండ్రైనా ఇంత చెయ్యడండీ" అనేవారు ఇరుగుపొరుగు. ఆ పొగడ్త వినడానికి నాకెంత బాగుండేదో చెబితే అసహ్యించుకుంటారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా వైపు ఒక డాక్టరమ్మ తిరగడం మొదలుపెట్టింది. మద్రాసు వైపు మనిషి. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లల్ని వెతుకుతోందని, తల్లినీ బిడ్డనీ కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచుకుని, ఏ వ్యాయామం పనికొస్తుందో ఏది పనికిరాదో పరిశోధన చేస్తోందని చెప్పుకున్నారు. ఇంకా చాలా చెప్పుకున్నారు. పిల్లల నెత్తురు తీస్తుందని, ఫొటోలు తీసి సీమదేశాలకి పంపుతుందని, మతంలో కలిపేస్తుందని. అవన్నీ నేను నమ్మలేదు. నన్ను పట్టుకున్నది వేరే మాట. పిల్ల ఎలా పుట్టింది, నొప్పులు ఎంతసేపు, సాయం ఎప్పుడొచ్చింది, అన్నీ గుచ్చిగుచ్చి అడుగుతుందట. అమలాపురం నర్సుల్ని కూడా అడిగిందట.

ఎందుకడుగుతోంది? మందిచ్చేవాళ్ళకి పురిటి గొడవ ఎందుకు?

ఆవిడ మా ఇంటికి వచ్చిన రోజు వెంట ఉండి తెలుగులో చెప్పే నర్సుకి జ్వరం. డాక్టరమ్మకి తెలుగు నాలుగు ముక్కలకి మించి రాదు. "మా తమ్ముడికి ఇంగ్లీషు వచ్చండీ, ఆయన చెప్తాడు" అన్నాడు అన్నయ్య గర్వంగా. వదిన మొహం వెలిగిపోతోంది. కొత్త చీర కట్టుకుంది. రత్నానికి తలంటి జడలేసింది.

డాక్టరమ్మ చాప మీద కూర్చుంది. రత్నం కాళ్ళు మెల్లగా విడదీసింది, వంచింది, పిడికిలి అడుగున నిమిరి వేళ్ళు తెరిపించింది. వంకర తిరిగే కాళ్ళని ఆవిడ ఏమాత్రం తొందరపెట్టలేదు. రత్నం నవ్వింది. పెరట్లో ఇసక గొయ్యి చూసి, ఇది ఎవరు తవ్వారని అడిగి, కాళ్ళు తిన్నగా నిలబెట్టడానికి మేమూ ఇలాంటిదే చెక్కతో చేస్తున్నామంది. దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని, మెదడులో కండరాల్ని నడిపించే చోట దెబ్బ తగిలితే వస్తుందని, తెలివికి సంబంధం లేదని చెప్పింది. జబ్బుని మాయం చేసే మందు లేదు. కానీ తల్లికి నేర్పితే పిల్ల కూర్చుంటుంది, తన చేత్తో తింటుంది, మాట తేటపడుతుంది, అది చాలామందిలో చూశానంది. ఇదంతా వదినకి ఉన్నదున్నట్టే చెప్పాను.

తర్వాత అడిగింది ఇంగ్లీషులో, పుట్టగానే ఏడ్చిందా అని.

"లేదండీ" అంది వదిన. "నీలంగా పుట్టేసిందండీ. నర్సమ్మగారు తలకిందులుగా ఎత్తి కొట్టేరు. చాలాసేపటికి గాని మూలగలేదు. పాలు కూడా మింగేది కాదండీ."

నేను ఇంగ్లీషులో చెప్పాను: పుట్టగానే బాగా ఏడ్చిందట.

డాక్టరమ్మ తలెత్తింది. "ఈ బిగుతు ఎప్పటినుంచి?"

"ఆయ్, పుట్టినకాణ్ణించీ ఇంతేనండీ" అంది వదిన.

నేను చెప్పాను: రెండేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చింది, ఫిట్లు వచ్చాయి, అప్పటినుంచి.

"ఆవిడ అన్నది ఇంతకంటే ఎక్కువలా ఉందే?"

"పల్లెటూరివాళ్ళు. చుట్టూ తిప్పి చెబుతారు."

ఆవిడ నన్ను చూసింది, వదినని చూసింది. పురుడు ఎలా జరిగింది, సాయం వేళకి వచ్చిందా అని అడిగింది. వదినకి ఆ ప్రశ్న నేను చెప్పనే లేదు. అంతా సుఖంగా జరిగిందని నేనే జవాబిచ్చేశాను. అప్పుడు డాక్టరమ్మ నెమ్మదిగా అంది: "మాస్టరుగారూ, నేను ఎవరి తప్పూ వెతకడానికి రాలేదు. పిల్లకి ఏది ఉపయోగపడుతుందో తెలుసుకోవాలని అడుగుతున్నాను."

తప్పు ఉందని ఈవిడకి ఎవరు చెప్పారు?  ఇప్పుడు తలుచుకుంటే అంత మర్యాదగా నాకు ఎవరూ తలుపు తెరవలేదు. అప్పుడు అది వలలా కనిపించింది. చెప్పిందే మళ్ళీ చెప్పాను, ఒట్టు కూడా వేశాను.

ఆవిడ నిట్టూర్చింది. ఇప్పటికి పుట్టుకతో వచ్చినవాళ్ళనే తీసుకుంటున్నామని, ఉన్న పడకలు తక్కువని, జ్వరం వల్ల వచ్చినవాళ్ళ సంగతి తర్వాత చూస్తామని చెప్పి లేచింది.

"ఏవన్నారండీ మరిదిగారూ? ఎప్పుడు రమ్మన్నారు?" వదిన అప్పటికే మూట కట్టుకోవలసిన బట్టల గురించి ఆలోచిస్తున్నట్టుంది.

"మన పిల్లకి ఆ వైద్యం పడదన్నారు వదినా."

నమ్మింది. కాసేపు ఏడ్చి, నన్నే ఓదార్చింది. "మీరు మాత్రం ఏం చేస్తారండీ" అంది.

పంచాంగం నాటి అబద్ధానికి కోపమైనా ఉంది. దీనికి ఏముంది? నా పరువు. ఎదురుగా పిల్ల ఉంది, దారి ఉంది, తీసుకెళ్తానన్న మనిషి ఉంది. తల్లి నిజం చెబుతోంది. ఆ నిజాన్ని మధ్యలో కూర్చుని నేను మింగేశాను. మొదటిదానికి ఫలితం ఏమిటో దేవుడికే తెలియాలి. రెండోదాని ఫలితం నాకు రోజూ కళ్ళముందు మంచంలో ఉంది.

రెండేళ్ళ తర్వాత పడవలో ఒక తల్లీ కూతురూ కనిపించారట వదినకి. ముమ్మిడివరం వైపు వాళ్ళు. ఆ పిల్లకీ ఇదే జబ్బు, డాక్టరమ్మ దగ్గర చాలాకాలం ఉండి వచ్చిందట. చెక్క కుర్చీలో కూర్చుని, లావుపాటి పిడి ఉన్న చెంచాతో అటుకులు తింటోందట, సగం ఒళ్ళో పోసుకుంటూ. వదిన ఆ చెయ్యి పట్టుకుని రేవు వచ్చేదాకా వదల్లేదట. ఇంటికొచ్చి అడిగింది, "పుట్టినప్పట్నించీ అంతేనంటండీ ఆ పిల్ల కూడా. మరి మనదాన్ని ఎందుకొద్దన్నారంటారు?"

"మనది వేరే జబ్బు వదినా" అన్నాను.

తనే ఒక చెంచాకి పాతగుడ్డ చుట్టి రత్నం చేతిలో పెట్టింది. ఎలా పట్టించాలో, మోచేతిని ఎక్కడ ఆనించాలో ఎవరు చెబుతారు? చెంచా ప్రతిసారీ కింద పడేది. కొన్నాళ్ళకి మానేసింది. ఆ తర్వాత డాక్టరమ్మ ఈ ప్రాంతం విడిచి వెళ్ళిపోయింది. ఆ పడకలూ ఎత్తేశారు. వెళ్ళిపోయిందని తెలిసిన రోజు నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు రత్నానికి పదిహేనేళ్ళు. మొన్న కొత్తపేట నుంచి వదిన చెల్లెలు వచ్చింది. "ఏమ్మా, పొద్దుపోతోందా?" అని పలకరించింది. రత్నం చాలాసేపు కష్టపడి చెప్పింది. పొద్దుపోవడం లేదు పిన్నీ, ఎవరైనా పుస్తకం చదివిపెడితే బాగుంటుంది, బాబాయ్ ఈమధ్య అన్నం పెట్టేసి లేచిపోతున్నాడు, నా దగ్గర కూర్చోవడం లేదు అని. ఆవిడకి అర్థంకాక నా వైపు చూసింది.

"బాగానే ఉందటండీ" అన్నాను.

రత్నం నన్నే చూస్తోంది. "బాబాయ్," అంది, ఒక్కో అక్షరం పీకి తీస్తున్నట్టు, "సరిగ్గా చెప్పు."

దానికి తెలుసా? ఆనాడు చాప మీద అదీ ఉంది. ఇంగ్లీషు రాదు. కానీ వాళ్ళమ్మ ఎంతసేపు మాట్లాడిందో, నేను ఎంతలో ముగించానో చూసిన పిల్లే కదా. తెలియకపోయినా ఒకటే. జీవితమంతా ప్రతి మొహంలోనూ అనుమానం ఉందేమో అని వెతికాను, ఆ పిల్ల మొహంలో అనుమానం లేదు. అడగడమే ఉంది.

చుట్టాలు వెళ్ళాక మధ్యాహ్నం దాని మంచం పక్కన కూర్చుని చెప్పాను. వర్జ్యం సంగతి, డాక్టరమ్మ సంగతి, అన్నీ. మధ్యలో ఒకటి రెండు చోట్ల నన్ను నేను వెనకేసుకొస్తూ మాట జారబోయింది, ఆపుకున్నాను. అది ఏడవలేదు. కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. తర్వాత ఒకే మాట అంది.

"అమ్మకి చెప్పు."

వదిన కొట్టంలో ఉంది. పిలిచాను. అన్నయ్యనీ పిలిచాను. ఇద్దరూ నిలబడే విన్నారు. అన్నయ్య సగంలోనే బయటికి నడిచి తోటలోకి వెళ్ళిపోయాడు, ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. వదిన చివరిదాకా విని, "ఆ రోజు నేనన్నవేవీ ఆవిడకి చెప్పలేదా అండీ?" అని అడిగింది. చెప్పలేదన్నాను. ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. తిట్టమని మనసులో బతిమాలాను. రత్నానికి కలిపి ఉంచిన అన్నం గిన్నె నా చేతికి దగ్గరగా ఉంటే దాన్ని తీసి అవతల పెట్టుకుంది.

"రేపట్నించి దానికి నేనే పెట్టుకుంటానండీ. మీరు రాకండి" అంది.

అయినా ఇంట్లో మగాడు పస్తుండకూడదని కాబోలు, నాకు విస్తరి వేసి, వడ్డించి, ఎదురుగా నిలబడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట వాళ్ళు ముగ్గురూ తినలేదు. గోడవతల రత్నం గొంతు వినిపిస్తోంది, వాళ్ళమ్మతో ఏదో చెబుతోంది, నాకు అందలేదు. నాకు మాత్రం ఎన్నేళ్ళకో ఆకలేసింది. సిగ్గులేకుండా తిన్నాను. కుండలోంచి నేనే మళ్ళీ వడ్డించుకుని కూడా తిన్నాను.